దస్తావేజులో లేని ఒక్క వాక్యం

తల్లిదండ్రులను చూడని ప్రభుత్వోద్యోగుల జీతంలో కొంత కోసి ఆ తల్లిదండ్రుల ఖాతాలో వేసే చట్టం తెస్తామని తెలంగాణ ముఖ్యమంత్రి 2025 అక్టోబరులో ప్రకటించారు. అసోం 2017లోనే అలాంటి చట్టం చేసింది. బాగానే ఉంది. మరి మన కడప జిల్లా ప్రొద్దుటూరు బంగారు అంగట్లో కూర్చునే కొడుక్కి, పులివెందుల దగ్గర చీనీతోట చేసుకునే కొడుక్కి, కువైట్‌లో బండి తోలే కొడుక్కి జీతం కోసేదెవరు? పెద్దవాళ్ల చేతిలోంచి ఆస్తి జారిపోయేది ఖజానా ఆఫీసులో కాదు, సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసులో.

అక్కడికి తల్లి ఆటోలో వచ్చేసరికి దస్తావేజు తయారుగా ఉంటుంది. ఫోటో తీస్తారు, వేలిముద్ర వేయిస్తారు, సాక్షులు సంతకాలు పెడతారు. కాగితంలో ఏముందో ఆమెకు నిదానంగా చదివి చెప్పే ఓపిక ఎవరికుంది? అందులో మాటలు ఎప్పుడూ ఒకే వరస. ‘నీయందు గల ప్రేమాభిమానములచేత’ ఇస్తున్నాను, ‘పుత్రపౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో’ అనుభవించు. కూడు పెడతావని, మందులు కొనిస్తావని ఇస్తున్నానన్న మాట మాత్రం కనిపించదు.

ఆ మాట లేకపోతే ఏమవుతుందో 2022 డిసెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. సుదేశ్ ఛికారా వర్సెస్ రామ్‌తీ దేవి కేసులో తల్లి బిడ్డలకు రాసిచ్చిన పత్రాన్ని 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ రద్దు చేస్తే, ఆ రద్దును కోర్టు కొట్టేసింది. చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చినట్టు రుజువు కావాలంది. చాలాసార్లు ఇలాంటి బదిలీలు ప్రతిఫలం ఆశించకుండా ప్రేమతోనే జరుగుతాయని కూడా అంది. అలంకారానికి రాసే ‘ప్రేమాభిమానాలు’ రేపు ఆ తల్లికే ఎదురు సాక్ష్యం!

2025 జనవరి 2 నాటి ఊర్మిళా దీక్షిత్ తీర్పుతో ఈ చిక్కు తీరిపోయిందని చాలామంది రాశారు. చట్టాన్ని ఉదారంగా చదవాలని, ట్రిబ్యునల్ ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించవచ్చని కోర్టు అన్నది నిజమే. ఆ సంబరంలో దాటేసిన సంగతి ఒకటుంది. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌కు చెందిన ఆ తల్లి చేతిలో దానపత్రంతో పాటు ‘వచన పత్రం’ ఉంది. జీవితాంతం చూసుకుంటానని, చూడకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చని అందులో రాసి ఉంది. అది కల్పితమని కొడుకు వాదించినా ఆమె గెలిచింది. రామ్‌తీ దేవి ఓడింది. తేడా ఆ ఒక్క వాక్యం. ప్రేమతో ఇవ్వడంలోనే షరతు దాగి ఉందని మద్రాసు హైకోర్టు 2025లో అన్నమాట ఊరటే గానీ, అది ట్రిబ్యునల్‌గా కూర్చునే మన ఆర్డీవోలు (రెవెన్యూ డివిజన్ అధికారులు) తప్పక పాటించాల్సిన తీర్పు కాదు.

ఆర్డీవో అంటే గుర్తొచ్చింది. ఆయన ఉండేది రెవెన్యూ డివిజన్ కేంద్రంలోనే. పులివెందులకు 2022లో రెవెన్యూ డివిజన్ వచ్చింది. అంత పెద్ద ఊరు ప్రొద్దుటూరుకు లేదు, అక్కడి ముసలామె జమ్మలమడుగుకు బస్సెక్కాల్సిందే. వెంట లాయరును తీసుకుపోదామంటే అదే చట్టంలోని 17వ సెక్షన్ అడ్డం. అది చెల్లదని కేరళ హైకోర్టు 2021లో చెప్పింది, చట్టంలో మాత్రం అలాగే ఉంది. తిరిగి తిరిగి గెలిచినా నెలకు భరణం రూ.10,000 దాటదు. 2007లో గీసిన గీత అది. చెరిపేస్తామన్న 2019 బిల్లు 2024లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది.

ఈ చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడళ్లను వీధిలోకి నెడతారన్న భయం ఉత్తదేం కాదు. అందుకే 2020లో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు కోడలి నివాస హక్కును కాపాడింది. ఆ జాగ్రత్త చాలు. ఆ భయాన్ని సాకు చేసుకుని చేతులు కట్టుకు కూర్చోవడమే తప్పు.

జీతాల కోత పతాక శీర్షిక అవుతుంది, దానపత్రంలో ఒక వాక్యం కాదు. అందుకే ఏ మంత్రీ దాని జోలికి పోడు. ఆ వాక్యం చేర్చడానికి అసెంబ్లీ సమావేశం కూడా అక్కర్లేదు. తల్లిదండ్రుల నుంచి బిడ్డల పేరు మీదికి మారే ప్రతి దస్తావేజు నమూనాలో ఆ షరతును రిజిస్ట్రేషన్ శాఖ ముందే అచ్చు వేయాలి. వద్దనుకున్న తల్లి తనే కొట్టేయించుకుంటుంది. చూసుకోవాలనే ఉద్దేశం ఉన్న కొడుక్కి దాంతో పోయేదేమీ లేదు. ‘నన్ను నమ్మవా’ అని మీసం మెలేసేవాడి కోసమే అది కావాలి.

శాఖ కదిలేదాకా ఆగొద్దు. ఈ వారమే సంతకం పెట్టబోయే పెద్దవాళ్లు డాక్యుమెంట్ రైటర్‌తో ఇలా రాయించుకోండి: ‘నా జీవితాంతం తిండి, వైద్యం, నివాసం చూడాలన్న షరతుతో ఇస్తున్నాను, తప్పితే ఈ దానం చెల్లదు.’ రాయనంటే వేలిముద్ర వేయకండి.