పెన్సిలుకి అద్దె

ఇంటికి అద్దె ఇస్తాం. పెళ్ళికి గిన్నెలు, కుర్చీలు అద్దెకి తెస్తాం. పెన్సిలుకి అద్దె కట్టటం ఎక్కడైనా విన్నారా? నేను ఈ మధ్యే విన్నాను.

మా ఆడబిడ్డ వాళ్ళది హనుమంతునిపాడు. వాళ్ళమ్మాయి బి.ఆర్క్. అయిదేళ్ళూ చదివి, పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చింది. ఊళ్ళో ఒకాయన ఇల్లు కట్టుకుంటూ "ప్లాను గీసిపెట్టమ్మా" అన్నాడట. తొలి సంపాదన! పిల్ల సంబరంగా కంప్యూటరు తెరిచింది. గడువు తీరింది, డబ్బు కట్టండి అంది అది. ఏ కంపెనీదో ఎందుకు లెండి. "అయిదేళ్ళు నేర్చుకున్న చెయ్యి విరిచినట్టుంది అత్తా!" అని ఫోనులో ఏడ్చినంత పని చేసింది.

చదువుకునే పిల్లలకి ఉచితమే గదా, ఇంకా ఏడుపెందుకంటారు కొందరు. ఆ ఉచితం ఏపాటిదో చూడండి. 1982లో పుట్టిన ఆటోకాడ్‌నే తీసుకోండి. ఆటోడెస్క్ వారు దాన్ని విద్యార్థికి ఏడాది గడువుతో ఊరికే ఇస్తారు. చదువుతున్నట్టు రుజువు చూపిస్తే మరో ఏడాది. దాంతో సంపాదన మాత్రం చెయ్యకూడదు. కొన్నేళ్ళ క్రితం వరకూ విద్యార్థి కాపీలో గీసింది అచ్చువేస్తే అంచున ఆ ముద్ర కూడా పడేది. పోనీ, చదువయ్యాక గాజులమ్మి కొనుక్కుందామా అంటే కొనటానికే లేదు! 2016లో శాశ్వతంగా అమ్మటం మానేశారు. అంతా చందాయే. అదీ తక్కువేమీ కాదు. ఆ ఊళ్ళో ప్లానుకి ఎంతిస్తారో ఊహించుకోండి.

మార్కాపురం పలక మీద అ ఆలు దిద్దనివాళ్ళు మన తరంలో ఎందరు? బడి మానేసినా ఆ పలక మనదే. అన్న పలక చెల్లెలికొచ్చేది, అంచు విరిగితే విరిగిన ముక్క మీదే ఎక్కాలు రాసేవాళ్ళం. ఇవాళ ఆ రాయి విదేశాల్లో గోడలకీ, ఇంటి కప్పులకీ ఓడలెక్కి పోతోంది. రాయేమో మనది, గోడ గీసే పెన్సిలు పరాయివాడిది!

కంపెనీ మీద నాకంత కోపం లేదు. వాడు వ్యాపారస్థుడు, కొత్త సబ్బుకి శాంపిలు బిళ్ళ పంచినట్టు పంచుతాడు. నా కోపమంతా కాలేజీల మీద. లక్షలు ఫీజు పుచ్చుకుని, వంట నేర్పమంటే ఒకే కంపెనీ మసాలా పొట్లం కత్తిరించటం నేర్పుతారా? లిబ్రేకాడ్ ఉంది, గీతల ప్లానులకి చక్కగా సరిపోతుంది. 2002లో మొదలైన ఫ్రీకాడ్ ఉంది, 2024లో ఒకటో పెద్ద వెర్షను కూడా వచ్చింది. బ్లెండర్‌నైతే అదే 2002లో జనం చందాలేసుకుని, లక్ష యూరోలు పోగుచేసి విడిపించుకున్నారు. వీటికి గడువు లేదు, రుజువు లేదు, సంపాదించవద్దనే ఆంక్ష లేదు. పెద్ద ఆఫీసుల్లో ఇవి నడవవంటారు. కొంత నిజమే. అందుకని అదీ నేర్పండి, ఇదీ నేర్పండి. రెండు చేతులిస్తే పిల్ల ఏ చేత్తోనైనా అన్నం తింటుంది.

"దొంగ కాపీ వేసుకోమనండి, అందరూ చేసేదేగా" అని మా వారి సలహా. పక్కింటి చెట్టుకి జామకాయ కోస్తేనే వీపు విమానం మోత మోగించి పెంచామే, ఆ పిల్లకి బతుకుతెరువు మొదటిరోజునే దొంగతనం నేర్పమంటారా?

ఇంజనీరింగుకో, ఆర్కిటెక్చరుకో పిల్లని చేర్పించేటప్పుడు హాస్టలు గదులు, మంచినీళ్ళు, గేటు మూసే వేళ అన్నీ అడుగుతాం. "మా అమ్మాయి ఇక్కడ నేర్చిన పనిముట్టు, పట్టా వచ్చిన మర్నాడు దాని చేతిలో ఉంటుందా?" అని నేను అడగలేదు. మీరడగండి.

మా పిల్ల నెలరోజులు కుస్తీపట్టి లిబ్రేకాడ్‌లో ఆ ప్లాను గీసేసింది. డబ్బులు కూడా ఇచ్చారు. వంటింటి కిటికీ పడమటికి పెట్టిందని, ఆ ఎండలో పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారని, ఆ ఇంటావిడ మాత్రం ఇంకా పోట్లాడుతోందట.