ఎరిత్రిటాల్ - మెదడు కణితులు

ఎరిత్రిటాల్ చక్కెర ఆల్కహాళ్ళ వర్గానికి చెందిన తీపి పదార్థము. ద్రాక్ష, పుచ్చకాయ వంటి పండ్లలోను, పులియబెట్టిన ఆహారాలలోను ఇది స్వల్పంగా లభిస్తుంది. దీని తీపి పంచదార తీపిలో సుమారు 60-70 శాతం. రక్తంలో గ్లూకోజును పెంచదు కనుక మధుమేహ రోగులకై తయారుచేసే తినుబండారాలలో దీనిని వాడుతున్నారు. ఈ కారణంగా దీనికి మెదడు కణితులతో సంబంధమున్నదా అన్న ప్రశ్న ప్రాధాన్యము సంతరించుకొన్నది.

పరిశోధన

స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, నార్వే పరిశోధకులు కలసి 2016లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. గ్లియోబ్లాస్టోమా అనే తీవ్రమైన మెదడు కణితి బయటపడటానికి ఏళ్ళ ముందే సేకరించి భద్రపరచిన రక్తరసాన్ని వారు పరీక్షించారు. తరువాతి కాలంలో వ్యాధికి గురైనవారి రక్తరసంలో తేడా కనిపించిన పదార్థాలలో ఎరిత్రిటాల్, మయో-ఇనోసిటాల్ అనే చక్కెర ఆల్కహాళ్ళు ఉన్నాయి. అయితే అన్నిటికంటే బలమైన సంబంధము విటమిన్ ఇ రూపాలైన టోకోఫెరాళ్ళతో కనిపించింది.

విశ్లేషణ

సంబంధము వేరు, కారణము వేరు. ఆ రక్తరసం నార్వేలోని జానస్ నిధికి చెందినది. అందులో సేకరణ 2004లో ముగిసింది. ఐరోపా సమాఖ్య ఎరిత్రిటాల్‌ను ఆహారంలో కలపడానికి అనుమతించినది 2006లో. కనుక ఆ తేడాకు తినుబండారాలలో కలిపిన ఎరిత్రిటాల్ కారణమని చెప్పడానికి ఆధారము లేదు. మానవ శరీరము గ్లూకోజు నుండి స్వయంగా ఎరిత్రిటాల్‌ను తయారుచేసుకొంటుందని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్గొన్న అధ్యయనము 2017లో చూపింది. అనగా రక్తంలోని మోతాదు ఆహారాన్ని కాక, జీవక్రియలోని మార్పును సూచించవచ్చును.

ఇటువంటి ఉదాహరణ సికింద్రాబాదు సమీపంలోని తార్నాకలోను ఉన్నది. మధుమేహంలో ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము గ్లూకోజును సార్బిటాల్‌గా మారుస్తుంది. అది కంటి కటకంలో పేరుకొనడం శుక్లాలకు ఒక కారణము. ఇక్కడి జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మధుమేహము కలిగించిన ఎలుకలలో పసుపు ఈ శుక్లాలను ఆలస్యము చేస్తుందని 2005లో ప్రకటించారు. ఇందులోనూ హాని చేసినది తిన్న సార్బిటాల్ కాదు, శరీరంలో తయారైనది.

ఇతర హెచ్చరికలు

2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ "క్యాన్సర్ కారకము కావచ్చును" అన్న వర్గంలో చేర్చినది ఆస్పర్టేమ్‌ను. అది చక్కెర ఆల్కహాలు కాదు. ఎరిత్రిటాల్ విషయంలో ఇటీవలి ఆందోళన గుండెపోటు, పక్షవాతాలకు సంబంధించినది. 2023లో వెలువడిన ఒక అధ్యయనము రక్తంలో దీని మోతాదు ఎక్కువగా ఉన్నవారిలో ఆ ప్రమాదాలు ఎక్కువని గుర్తించింది. 2025లో కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు మెదడు రక్తనాళాల కణాలపై దీని ప్రభావాన్ని ప్రయోగశాలలో గమనించారు.

కాబట్టి మధుమేహ రోగులు కణితి భయంతో తిరిగి పంచదారకు మళ్ళవలసిన పని లేదు. అలాగని "షుగర్ ఫ్రీ" అన్న పేరు చూసి మితము మరువరాదు.