సైలెన్సర్‌ మారిస్తే నేరం.. మార్చకుంటే భారం
- పల్లె వాహనదారుడికి బెండు పైపు తిప్పలు

కరీంనగర్‌, ఆదిలాబాద్‌: చెవులు చిల్లులు పడేలా మోత మోగించే మోటారు సైకిళ్లపై పోలీసులు కొన్నేళ్లుగా కొరడా ఝళిపిస్తున్నారు. తొలగించిన సైలెన్సర్లను రోడ్డుపై వరుసగా పరచి రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు రాష్ట్ర ప్రజలకు కొత్త కాదు. ఆసుపత్రి ముందు, పరీక్షల వేళ కళాశాల పక్కన ఆ మోతను భరించినవారెవరూ ఈ చర్యను తప్పుపట్టరు. అయితే సైలెన్సర్‌ మార్చినవారంతా సరదా కోసమే మార్చారనుకుంటే పొరపాటే. ఉమ్మడి కరీంనగర్‌, ఆదిలాబాద్‌ పల్లెల్లో తుప్పు కూడా ఒక కారణం.

ఇంజిన్‌ నుంచి సైలెన్సర్‌కు పొగను చేరవేసే గొట్టాన్ని మెకానిక్‌లు బెండు పైపు అంటారు. అది ఉండేది ముందు చక్రం వెనుకే. నాట్ల కాలంలో చక్రం చిమ్మిన బురదంతా కాలుతున్న ఆ గొట్టంపైనే పడుతుంది. వేడి, తడి ఒకదాని వెంట ఒకటి తగిలి తుప్పు పడుతుంది. అసలు చిక్కు దాన్ని విప్పేటప్పుడు మొదలవుతుంది. ఇంజిన్‌ హెడ్‌ అల్యూమినియంది, పైపును పట్టి ఉంచే స్టడ్లు ఉక్కువి. ఏళ్ల తరబడి కదలని నట్టును తిప్పబోతే నట్టు రాదు, స్టడ్డు విరుగుతుంది. అనుభవం ఉన్న మెకానిక్‌ రాత్రంతా డీజిల్‌లో నాననిచ్చి, ఉదయం వేడిచేసి విప్పుతాడు. తొందరపడితే విరిగిన ముక్కను డ్రిల్లుతో తీసి కొత్తగా మర కోయాలి. డ్రిల్లు పక్కకు జారితే హెడ్‌ చెడుతుంది. అరగంట పని కాస్తా పట్టణంలోని లేత్‌ వర్క్స్‌ వరకు వెళుతుంది. కూలికి, పత్తి చేనుకు బండిపైనే వెళ్లేవారికి రెండు రోజుల పని పోయినట్లే.

కొన్ని మోడళ్లలో వెనుక చక్రం ఇరుసు లాగాలంటే సైలెన్సర్‌ వదులు చేయాలి. మరికొన్నింటిలో ఇంజిన్‌ ఆయిల్‌ ఫిల్టర్‌కు బెండు పైపు అడ్డు. విప్పిన ప్రతిసారీ కొత్త గాస్కెట్‌ రింగు వేయకుంటే పొగ లీకై టపటప శబ్దం వస్తుంది. ఈ బండ్లకు రూపమిచ్చిన ఇంజినీర్లు ఒక్కసారైనా వానాకాలంలో పొలం గట్టు దాటించి ఉంటే బాగుండేది.

2020 ఏప్రిల్‌ 1 నుంచి బీఎస్‌-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో సమస్య మరో మలుపు తిరిగింది. పొగను శుద్ధిచేసే కెటలిటిక్‌ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. చాలా మోడళ్లలో అది పైపుతో కలిసే వస్తుంది కాబట్టి గొట్టానికి చిల్లు పడితే మొత్తం కొనాల్సిందే. ఆ ధర విని వెనుదిరిగినవారికి బజారులో చవక పైపు సిద్ధంగా ఉంటుంది. దానిలో కన్వర్టర్‌ ఉండదు, ఆక్సిజన్‌ సెన్సర్‌ బిగించే చోటూ ఉండకపోవచ్చు. అప్పుడు మీటరులో హెచ్చరిక దీపం వెలుగుతుంది, మైలేజీ పడిపోతుంది. ఉట్నూరు, జైనూరు వంటి ఏజెన్సీ మండలాల గ్రామాల్లో చెట్టు కింద రెంచీలతో పనిచేసే మెకానిక్‌ వద్ద ఆ లోపాన్ని చదివే పరికరం ఉండదు.

చట్టానికి ఈ తేడా పట్టదు. తయారీదారు నిర్దేశానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన 190(2) సెక్షన్‌ ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే రూ.10 వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు విధించవచ్చు. 80 నుంచి 175 సీసీ బండికి తయారీ దశలో శబ్ద పరిమితి 77 డెసిబెల్స్‌, అంతకు మించిన సామర్థ్యానికి 80. కానీ పెట్రోలు బండికి పొల్యూషన్‌ సర్టిఫికెట్‌ ఇచ్చే కేంద్రంలో కొలిచేది పొగలోని వాయువులనే, శబ్దాన్ని కాదు. మోత మోగించే బండికీ అక్కడ సర్టిఫికెట్‌ దొరకవచ్చు.

రహదారిపై కంటితో చూసి, చెవితో విని జరిమానా రాయడం సులువు. శబ్దమాపకంతో కొలిస్తే పోకిరీ ఎవరో, తుప్పుపట్టిన గొట్టం మార్చుకున్న రైతు ఎవరో తేలుతుంది. బెండు పైపును విడిగా అమ్మడం, తుప్పు పట్టని స్టడ్లు వాడటం కంపెనీలకు అసాధ్యమేమీ కాదు. వానాకాలానికి ముందు మండల కేంద్రాల్లో సర్వీసు శిబిరాలు పెట్టినా సగం స్టడ్లు విరగకుండా మిగులుతాయి. ఇక రోలర్‌ కింద నలిగిన పైపును వాహనదారుడు ఏదో ఒక దుకాణంలో కొన్నదే. తనిఖీ అక్కడి దాకా వెళ్లాలి.