సర్దుకొమ్మను ధర్మము

పొలము గెట్టు జానెడు జరిగినచో మన కరీంనగర ప్రాంతమున అన్నదమ్ములు తలలు పగులగొట్టుకొందురు. పూర్వము పట్వారి వచ్చి గొలుసు పట్టెడివాడు. నేడు సర్వేయరు వచ్చుచున్నాడు. హద్దురాయి పాతినదాక ఎవరికిని కంటికి కునుకు పట్టదు. ఆ జానెడు నేలకై తరతరములు దావా నడిపిన కుటుంబములను చదువరులు ఎఱుగనివారు కారు. ఇందు తప్పున్నదని మేమనము; నేల పోయిన బ్రతుకు పోవును. కాని ఆ యింటనే పుట్టిన బిడ్డ అత్తవారింట దెబ్బలు తిని, నోరెత్తుటకు వీలులేక, తుదకు పుట్టింటి గడప త్రొక్కినప్పుడు, నిన్నటివఱకు గెట్టుకై గొంతు చించుకొన్న తండ్రియే "సర్దుకొమ్ము బిడ్డా" అనుచున్నాడు. నేలకున్న గెట్టు మనిషికి లేదా?

ఈ "సర్దుకొనుట" యను మాటను కొంచెము పరీక్షింపుడు. అది యెప్పుడును ఒక్కవైపునకే చెప్పబడును. పెద్దమనుషులు పంచాయతీ చేయుదురు. ఇరువైపులవారి చేతను ముందుగా సొమ్ము కట్టింతురు. పొద్దు గూకినదాక మాటలాడి, "ఇకమీదట కొట్టను" అని మగనిచేత కాగితము వ్రాయించుకొని, ఆమెను అతని వెంట సాగనంపుదురు. ఇకమీదట కొట్టనన్నవాడు ఇంతవఱకు కొట్టినట్లు ఒప్పుకొన్నట్లే గదా! ఆ నేరమునకు శిక్ష యేది? కోడిని దొంగిలించినవానికి జుర్మానా వేయు పంచాయతీ, భార్య చేయి విఱిచినవానికి భార్యనే మరల అప్పగించుచున్నది.

బతుకమ్మ పండుగ సంగతి చెప్పనేల? బిడ్డను ప్రేమతో తోలుకొనివత్తురు. తంగేడు, గునుగు తెచ్చి పేర్తురు. ఆమె మోచేతి మీది కమిలిన మచ్చ తల్లి కంటబడును. వదిన కంటను పడును. చెఱువుగట్టున చప్పట్లు చఱచు వాడకట్టు స్త్రీలందఱి కంటను పడును. ఎవ్వరును అడుగరు. సద్దుల నాడు క్రొత్తచీరె పెట్టి, సత్తుపిండి మూటగట్టి, ఆ యింటికే పంపుదురు. కొట్టినవానికంటె ఈ మౌనమే మాకు హెచ్చు భయంకరముగా తోచుచున్నది. వాడు ఒక్కడు, ఈ మౌనము ఊరంత.

మగని విడుచుట మన యాచారము కాదని కొందఱందురు. ఎవరి యాచారము కాదు? ఈ నేలను దున్ని, గీత గీసి, మగ్గము నేసి బ్రతికిన కులములలో మారుమనువు నిన్న మొన్నటిది కాదు. కులపంచాయతీ యెదుట ఇడుపు కాయితము వ్రాసికొని, తెగతెంపులు చేసికొని, మఱియొక యిల్లు కట్టుకొన్న స్త్రీని ఆ కులమువారు వెలివేయలేదు. గోదావరి దాటి ఆదిలాబాదు అడవులకు పొండు. అచటి రాజగోండుల నడుమ చిరకాలముండి, 1948లో వారిపై గ్రంథము ప్రకటించిన హైమెండార్ఫు పండితుడు, గోండు స్త్రీ ఇష్టములేని మగని విడిచిపోవుటయు, పంచులు కూర్చుండి పరిహారము తేల్చుటయు చూచినవాడే. ఆ పరిహారము మొదటి మగనికి ముట్టుట మాకు రుచింపదు. ఆడుదానికి వెల గట్టినట్లే యగును. అయినను ఆమె పోవచ్చునను మాట అచట అందఱెఱిగిన మాట. అడవివారికి నాగరికత నేర్పెదమని పోవువారు ఈ యొక్కటి వారియొద్ద నేర్చుకొని రాదగును.

మన సంస్కర్తలను గూర్చియు ఒకమాట యనక తప్పదు. 1881 డిసెంబరులో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించినది మొదలు, మగడు చచ్చిన స్త్రీకై మన వాఙ్మయము కన్నీరు కార్చినది, మంచిదే. కాని మగడు బ్రతికియుండి చంపుచున్న స్త్రీకి ఆ వాఙ్మయమున దొరకినది ఓర్పు అను ఉపదేశమే.

చట్టమును వెనుకబడియే నడచినది. 1949లో మద్రాసు రాష్ట్రము హిందువులకు విడాకుల చట్టము చేసినది. హైదరాబాదు రాష్ట్రమున నున్న మన జిల్లాల కది అంటలేదు. 1955 మే 18న హిందూ వివాహ చట్టము వచ్చినను, క్రూరత్వము విడాకులకు చాలిన కారణమని ఒప్పుకొనుటకు 1976 దాక పట్టినది. కులాచారపు విడాకులను మాత్రము ఆ చట్టము 29వ సెక్షనున త్రోసివేయక యుంచినది. షెడ్యూల్డు తెగలకు, కేంద్రప్రభుత్వము ప్రకటించిననే తప్ప, ఆ చట్టము వర్తింపనే వర్తింపదు.

ఆ చట్టముననే తొమ్మిదవ సెక్షను ఒకటి కలదు. విడిపోయిన భార్యను కాని, భర్తను కాని మరల కాపురమునకు రమ్మని న్యాయస్థానము డిక్రీ యీయవచ్చును. దీనిపై మన హైకోర్టున జరిగిన వ్యాజ్యమును తెలుగువారు మఱచుట అన్యాయము. సినిమా నటి సరితను కాపురమునకు పంపవలెనని భర్త వెంకటసుబ్బయ్య కడప కోర్టున దావా వేసెను. 1983 జూలై 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఏ. చౌదరిగారు ఆ సెక్షనే రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. తన దేహమును ఎవరు ముట్టవలెనో, తాను ఎప్పుడు తల్లి కావలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛను రాజ్యము డిక్రీతో లాగికొనజాలదనుట ఆ తీర్పు సారము. మేము కోరు గెట్టు ఇదియే. దానికి రాయి పాతినవాడు తెలుగు న్యాయమూర్తి. మఱుసటి యేడు, 1984లో, సుప్రీంకోర్టు సరోజరాణి వ్యాజ్యమున ఆ రాయిని పెఱికివేసినది. సంసారము విఱుగకుండుటకు ఆ సెక్షను ఉపకరించునట! విఱిగినదానిని అమీనాతో అతికింపగలరా? ఇటీవల, 2025 జనవరిలో, అట్టి డిక్రీని పాటింపకున్నను, తగిన కారణమున్నచో భార్యకు మనువర్తి హక్కు పోదని ఆ న్యాయస్థానమే చెప్పినది. కొంత మేలు. సెక్షను మాత్రము చట్టములో కూర్చుండియే యున్నది.

అల్పవిషయములకే విడిచిపోవుదురని కొందఱి బెంగ. ఆదిలాబాదు అడవిలో తునికాకు తెంపునది స్త్రీ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యిండ్లలో మెడ వంచి, వేయి బీడీల కింతయను కూలికి వ్రేళ్ళరుగునట్లు చుట్టునది స్త్రీ. మగడు గల్ఫుదేశమునకు పోయిన, అప్పుల వాండ్రకు సమాధానము చెప్పునదియు నామెయే. ఎక్కడికి పోతివి, ఎవరితో మాటలాడితివి అని ఫోనులో గడియగడియకు లెక్క యొప్పగించునదియు నామెయే. ఇంత భరించిన మనిషి అల్పవిషయమునకు లేచిపోవునని అనువారు ఆమెను ఎఱుగరు. ఇక పిల్లలమాట. తల్లి దెబ్బలు తినుట నిత్యము చూచుచు పెరిగిన కుమారుడు ఏమి నేర్చునో, కుమార్తె దేనికి అలవాటుపడునో, పిల్లల పేరు చెప్పి అడ్డుపడువారే చెప్పవలెను.

విడిచివచ్చిన వెనుక కథ ముగియదు. మేనమామ వచ్చును, మధ్యవర్తి వచ్చును. ఏడ్చుచు మగడే వచ్చును, కాళ్ళు పట్టుకొనును. జాలిపడుట తప్పు కాదు, జాలితో పోయి మరల ఆ గదిలో తలుపు వేసికొనుట వేఱు. "రాను" అన్న మాటకు కారణములు పదిమందికి పదిమార్లు చెప్పవలసిన పని ఆమెకు లేదు. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఇట్టివారికి నెలకు వేయి రూపాయల పింఛను ఏర్పఱచి, తరువాత రూ. 2,016 చేసినది. సొమ్ము కొంచెమైనను ఊరట. "ఒంటరి మహిళ" యను ఆ పేరు మాత్రము మాకు నచ్చలేదు. బిడ్డలతో, పనితో, ఇరుగుపొరుగుతో బ్రతుకునామె ఒంటరి యెట్లగును?

తండ్రులతోను, అన్నదమ్ములతోను మాకొక లెక్క తేలవలసియున్నది. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి, దేశమంతట 2005 నుండి, పిత్రార్జితమున కూతునకు కొడుకుతో సమానభాగము చట్టము ఇచ్చినది. మీరు జానెడు జానెడుగా కాపాడిన గెట్టులోపల ఆమె భాగమును కలదు. కాని పసుపుకుంకుమల పేర చీరె ఒకటి పెట్టి, హక్కు విడుదల పత్రముపై ఆమెచేత సంతకము చేయించుకొనుచున్నారు. ఆ భాగమే యున్నచో ఆమె "సర్దుకొమ్ము" అను మాట వినుటకు మీ గడపలో నిలువబడదు. తన భాగములో గుడిసె వేసికొనును. ఈ యేడు భాగములు పంచుకొనువారు సర్వేయరును పిలిచిననాడే బిడ్డను గూడ పిలిపింపుడు. ఆమె చూచుచుండగా ఆమె రాయియు పాతింపుడు.