బడిలో మాకొక పీరియడ్ ఇప్పించండి

జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ అధ్యక్షులైన ప్రధాన జిల్లా న్యాయమూర్తి గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, ఆదోని కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న కొందరు న్యాయవాదులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: కర్నూలు జిల్లా పడమటి మండలాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో న్యాయవాదులు స్వచ్ఛందంగా చట్టాల పాఠాలు చెప్పేందుకు స్థిరమైన ఏర్పాటు చేయవలసిందిగా కోరుతూ.

ఆర్యా,

సోమవారం అర్జీల్లో తమ చేతికి వచ్చేవన్నీ ఏదో ఒకటి ఇప్పించమని కోరేవే. మాదీ ఆ కోవలోదే. పింఛను కాదు, పట్టా కాదు, తొమ్మిదో తరగతిలో వారానికి ఒక పీరియడ్ కావాలి. పాఠం చెప్పడానికి మేం సిద్ధం, జీతం అక్కర్లేదు. అయినా ఆ పీరియడ్ దొరకడం ఎంత కష్టమో, దొరికితే ఏమవుతుందో చెప్పుకోవడానికే ఈ కాగితం.

ప్రజలకు చట్టాలు తెలియజెప్పడం న్యాయసేవాధికార సంస్థల బాధ్యత అని 1987 నాటి చట్టమే చెబుతోంది. ఆ పేరున బడుల్లో న్యాయ విజ్ఞాన సదస్సులు జరుగుతూనే ఉన్నాయి. మేమూ వాటిలో మాట్లాడినవాళ్లమే. అవి ఎలా సాగుతాయో తమకు తెలియనిది కాదు. ఆరు నుంచి పది దాకా పిల్లలందరినీ చెట్ల కింద కూర్చోబెడతారు. అతిథుల్ని వేదిక మీదికి పిలవడం, జ్యోతి వెలిగించడం, శాలువాలు, అందరి తొలిపలుకులు అయ్యేసరికి మధ్యాహ్న భోజనం వేళవుతుంది. అప్పుడు మైకు లాయరు చేతికొస్తుంది. పోక్సో, బాల్యవివాహాలు, ట్రాఫిక్ నిబంధనలు, సైబర్ నేరాలు గబగబా వల్లించి ‘అర్థమైందా పిల్లలూ’ అంటే ‘అర్థమైంది సార్’ అని అంతా ఒక్కసారే అరుస్తారు. ఫొటో వాట్సాప్ గ్రూపులో పడుతుంది, రిపోర్టులో ఒక అంకె పెరుగుతుంది. సదస్సులు మానేయమనడం లేదు, వాటితోనే పని అయిపోయిందని అనుకోవద్దని మనవి.

తరగతి గదిలోనైతే వేరు. ఒక హెడ్మాస్టరు గారి చొరవతో మాకు ఆ అవకాశం దొరికింది. తొమ్మిదో తరగతి పిల్లల చేత పేర్లు లేకుండా చీటీలు రాయించి, ఖాళీ చాక్‌పీసుల డబ్బాలో వేయించాం. మొదట నాలుగైదు ఆకతాయి ప్రశ్నలు. ‘సినిమాలో లాగా కోర్టులో బల్ల గుద్దొచ్చా?’ అని ఒకటి. ఆ తర్వాత అసలువి బయటపడ్డాయి. ‘బండి మా నాయనది. నడిపేది మా అన్న, ఇంటర్. పట్టుకుంటే ఎవరికి జైలు?’ 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ గురించి చెప్పాం. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. మూడేళ్ల జైలుకు కదలని వెనక బెంచీ, పాతికేళ్ల దాకా లైసెన్సు రాదనగానే నిటారుగా కూర్చుంది.

మరో చీటీ: ‘తాత చేనులో మా అమ్మ భాగం అడిగితే మామ మాట్లాడడం మానేసినాడు. అడగడం తప్పా?’ హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు దేశమంతటికీ 2005లో వచ్చింది గానీ, మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తించేలా చట్టం చేసుకుంది. అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకే అది వర్తించింది. అడగడం తప్పు కాదనీ, వాటా వస్తుందో రాదో కాగితాలు చూడకుండా ఏ లాయరూ చెప్పకూడదనీ అన్నాం. చట్టం తెలియడం ఎంత అవసరమో, తెలియనిచోట ఆగడం కూడా అంతే అవసరం. అదీ పాఠమే.

అడుగున మడిచి వేసిన చీటీ ఇంకొకటి ఉంది. ‘ఆధార్‌లో వయసు ఎక్కువేసి పెళ్లి చేస్తే ఆ పెళ్లి చెల్లుతుందా?’ దానికి ముందు ‘మా అక్కకు’ అని రాసి కొట్టేసిన గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. 2006 నాటి చట్టం ప్రకారం అలాంటి పెళ్లి దానంతటది రద్దు కాదు. మైనరుగా పెళ్లయిన మనిషి కోరితే కోర్టు రద్దు చేస్తుంది. మైనారిటీ తీరాక రెండేళ్లలోపు ఆ అర్జీ వేసుకోవచ్చు. అంటే అమ్మాయికి 20 నిండేలోపు. ఈ గడువు సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, పాఠం చెప్పే టీచర్లతో సహా. గడువు దాటాక మా ఆఫీసుకు వచ్చేవాళ్లకు మేం చేయగలిగింది చాలా తక్కువ. మైదానంలో, మైకు ముందు, ఆ చీటీ ఎప్పటికీ రాదు.

ఇక మా కష్టం. బడికి వెళ్తే ఎంఈఓ గారి అనుమతి తెమ్మంటారు. అక్కడికి వెళ్తే డీఈఓ ఆఫీసు. అక్కడ న్యాయసేవాధికార సంస్థ నుంచి లేఖ ఉందా అంటారు. లేఖ తీసుకెళ్లేసరికి పరీక్షలొస్తాయి. ఎవరినీ తప్పుపట్టడం లేదు. బయటివాళ్లు పిల్లల దగ్గరికి వస్తామంటే కాగితం అడగాల్సిందే. ఆ కాగితం ఏడాదికోసారి, ముగ్గురు అధికారుల సంతకంతో ఒకటే ఉంటే చాలు. ఏ బడికి ఏ న్యాయవాదులు వెళ్తారో పేర్లు దానిలోనే ఉండాలి. మా గత చరిత్రను పోలీసుల చేత విచారించాకే ఆ పేర్లు చేర్చండి. ఆదోని టౌను బడులకు మేం ఉదయం తొమ్మిదికి వెళ్లి, పదిన్నరకు కోర్టు కాల్ వర్క్ అందుకోగలం. కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడబూరు లాంటి మండలాలకు మాత్రం శనివారం కావాలి.

తేదీల విషయంలో గట్టిగా పట్టుబడుతున్నాం. ఈ పాఠాలు జూన్‌లో మొదలై దసరాకల్లా పూర్తి కావాలి. నవంబరు 9 న్యాయసేవల దినం, 14 బాలల దినం కాబట్టి కార్యక్రమాలన్నీ ఆ వారంలోకి నెట్టడం ఆనవాయితీ అయింది. మా పడమటి మండలాల్లో అప్పటికి పల్లెలు సుగ్గిబాట పడుతుంటాయి. పత్తి తీతకు, ఆ తర్వాత మిరప కోతకు గుంటూరు వైపు కుటుంబాలు కదులుతాయి. వెంట పిల్లలూ పోతారు. ఎవరికి ఈ పాఠం అందరికన్నా ఎక్కువ అవసరమో, ఆ పిల్లలు నవంబరులో బెంచీ మీద ఉండరు. సీజనల్ హాస్టళ్లు ఉన్నచోట కొందరు మిగులుతారు, అందరూ కాదు.

వాళ్లు పోయేలోపు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత కూలి చేయించడం నేరం. ఇంటి పనికి, సొంత చేనికి ఉన్న మినహాయింపు పరాయి మిరప తోటకు వర్తించదు. అక్కడ ఆడపిల్ల మీద చేయి పడితే ఊరికి తిరిగొచ్చాక ఫిర్యాదు ఇద్దామని ఆగనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా దగ్గరున్న స్టేషనులో ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. పదిహేనేళ్లలోపు పిల్లవాడిని సాక్షిగా స్టేషనుకు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112, ఉచిత న్యాయసహాయానికి 15100. పిల్లలు ఈ నంబర్లు నోట్‌బుక్ అట్ట లోపలివైపు రాసుకుంటే చాలదు, ఫోను చేసి ఏం చెప్పాలో తరగతిలోనే ఒకరినొకరు అడిగి ఆడి చూడాలి. మాతృభాష కన్నడమైన పిల్లలు, ఉర్దూ మీడియం పిల్లలు ఇక్కడ తక్కువేం కాదు. ఆ భాషలు వచ్చిన న్యాయవాదులు మా బార్‌లోనే ఉన్నారు, వాళ్లను అక్కడికే వేయండి.

అన్నిటికన్నా బరువైన సంగతి ఇప్పుడు. చీటీలో ఒక బిడ్డ తనకు జరిగింది రాస్తే ఏం చేయాలి? పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడు చేసింది దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు. బడి పరువు పోతుందని భయపడే పెద్దలకు ఈ మాట ముందే తెలియాలి. మాకు వాదించడం వచ్చు, అడ్డుప్రశ్నలు వేయడం వచ్చు. ఏడుస్తున్న పన్నెండేళ్ల పిల్లతో మాట్లాడడం మా చదువులో లేదు. ఏదో నాలుగు మాటలు అడిగేసి సాక్ష్యాన్ని చెడగొట్టే ప్రమాదమూ ఉంది. అందుకని బడికి వెళ్లేముందే మాకు రెండు రోజుల శిక్షణ ఇప్పించండి. జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒక మహిళా కౌన్సెలర్‌ను ప్రతి మండలానికీ కేటాయించండి. చీటీల డబ్బా తెరిచేటప్పుడు ఆమె ఉండాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో, వీలైనంతవరకు యూనిఫాం లేని మహిళా ఎస్సై నమోదు చేయాలనీ, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలనీ చట్టంలో ఉంది. అది అలాగే జరిగేట్టు స్టేషన్లకు ముందుగానే సర్క్యులర్ వెళ్లాలి. ఈ ఒక్క ఏర్పాటు కుదరకపోతే మిగతా పాఠాలు మొదలుపెట్టవద్దు. నోరు తెరిచిన బిడ్డకు దిక్కు చూపలేనప్పుడు నోరు తెరిపించడం అన్యాయం.

మామీద కూడా కట్టుబాట్లు ఉండాలి. ప్రచారం చేసుకోవడం, కేసులు వెతుక్కోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం ప్రకారం తప్పు. కాబట్టి బడిలో విజిటింగ్ కార్డు ఇచ్చిన న్యాయవాది పేరు జాబితాలోంచి తీసేయండి. పాఠం చెప్పిన బడి పిల్లల ఇంటి కేసు ఆ న్యాయవాది పట్టకూడదు, మండల న్యాయసేవాధికార కమిటీకి పంపాలి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాది దొరుకుతారు. ఏ న్యాయవాదీ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. పార్టీ కండువాలు గేటు బయటే. శాలువాలు వద్దే వద్దు, ఆ డబ్బుతో చీటీల డబ్బాకు తాళం కొనండి. జూనియర్లకు మాత్రం బస్సు చార్జీ ఇప్పించండి. మొదటి రెండు మూడేళ్లు వాళ్ల జేబులో ఏముంటుందో న్యాయమూర్తి గారికి మేం చెప్పనక్కర్లేదు.

ఈ జిల్లాలో కర్నూలు పక్కన పెద్దపాడు అనే ఊరుంది. 1921లో అక్కడి దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు మద్రాసులో లా చదివి, న్యాయవాదియై, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. సబ్బవరంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఆ విశ్వవిద్యాలయంలో చేరాలంటే ‘క్లాట్’ రాయాలి. పరీక్ష ఇంగ్లీషులో మాత్రమే. దరఖాస్తు రుసుము 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 3,500. కొన్నేళ్లుగా డిసెంబరులో జరుగుతోంది, అంటే ఇంటర్ రెండో ఏడాది మధ్యలో. కోసిగి పిల్లవాడికి ఆ పరీక్ష ఒకటుందని తెలిసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. తెలిసినా 3,500 ఎక్కడివి? సంజీవయ్య గారి జిల్లా పిల్లలకు ఆ రుసుము సాంఘిక సంక్షేమ శాఖ ద్వారా కట్టించడం పెద్ద భారం కాదు. పాత ప్రశ్నపత్రాలు గురుకులాల్లో, జూనియర్ కాలేజీ లైబ్రరీల్లో ఉంచితే, వాటిని చదివించే పని మేం చూసుకుంటాం.

క్లాట్ అందనివాళ్లకు లాసెట్ ఉంది, ఇంటర్ తర్వాత అయిదేళ్లు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లు. ‘ఇంగ్లీషు రాకపోతే లాయరు కాలేమా?’ అనే చీటీ మాకు పదేపదే వస్తుంది. కింది కోర్టులో కక్షిదారు తెలుగు, సాక్షి తెలుగు. ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే, అది రాలేదని గుమ్మం బయటే ఆగిపోనక్కర్లేదు. బార్ కౌన్సిల్‌లో నమోదుకు వేలకు వేలు కట్టాలన్న భయం కూడా తీరింది. చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125కు మించి వసూలు చేయరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. జడ్జి కావాలనే పిల్లలకు సివిల్ జడ్జి పరీక్షకు ముందు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసిన 2025 మే తీర్పు సంగతీ చెప్పాలి. జూనియర్ బతుకు గురించి కూడా దాచకుండా చెబుతాం. నల్లకోటు తొడగ్గానే డబ్బులు రాలతాయని నమ్మించి పిల్లల్ని ఈ వృత్తిలోకి లాగడం మాకిష్టం లేదు.

తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏడాదికోసారి కోర్టుకు తీసుకురానివ్వండి. పోక్సో, కుటుంబ కేసులు లేని హాలు చూసి కూర్చోబెడితే సరిపోతుంది. జడ్జి గారు, లాయర్లే కాకుండా బెంచ్ క్లర్కు, స్టెనో, అమీనా, ఏపీపీ ఏం పని చేస్తారో కళ్లారా చూస్తారు. బల్ల గుద్దడం ఉండదని కూడా తెలుస్తుంది.

జూన్ 12న బడులు తెరిచేలోగా ఉమ్మడి ఉత్తర్వు, శిక్షణ తేదీ, కౌన్సెలర్ల నియామకం, ఈ మూడూ తేల్చవలసిందిగా కోరుతున్నాం. కుదరనిది ఏదైనా ఉంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా తెలియజేయండి. వెళ్లడానికి సిద్ధంగా ఉన్న న్యాయవాదుల పేర్లు, వాళ్లకు వచ్చిన భాషలు, ఖాళీగా ఉండే రోజులు జత చేసిన పట్టికలో ఉన్నాయి.

ఇట్లు
భవదీయులు
ఆదోని కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదులు

నకళ్లు: రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ సభ్య కార్యదర్శి గారికి, జిల్లా పోలీసు అధికారి గారికి, సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా అధికారి గారికి.