16 పిసినారితనం, 64 దుబారా: సంఘం సిమ్యులేటర్ కంప్యూటర్ మీద నా మాట

పోస్టు పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి. నాలుగు రోజులుగా గ్రూపులో నడుస్తున్న గొడవకు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోవడం నాకు చేతకాదు.

విషయం అందరికీ తెలిసిందే. పిల్లల కోసం విమానం నడిపే సిమ్యులేటర్ కంప్యూటర్ కొందామని కమిటీ తీర్మానించింది. మంచి పని. నాందేడ్‌లో మన తెలుగువాళ్ళ పిల్లలకు పండుగ రోజు పాటల పోటీ తప్ప సంఘం ఏమిస్తోంది అని అడిగిన మొదటివాణ్ణి నేనే. కాబట్టి కంప్యూటర్ వద్దనే గుంపులో నన్ను కలపకండి. నా పేచీ ఒక్కదాని మీదే: మెమరీ. ర్యామ్ అంటారు కదా, అది. పెద్దలు కొందరు 16 జీబీ చాలంటున్నారు. యువజన విభాగం వాళ్ళు 64 లేకపోతే పరువు పోతుందంటున్నారు. ఇద్దరిదీ తప్పే. 32 కొనాలి, మిగిలిన డబ్బు ఎక్కడ అవసరమో అక్కడ పెట్టాలి. ఎందుకో చెప్తాను.

ముందు ర్యామ్ అంటే ఏమిటో. గూడ్స్ షెడ్డు చూసినవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. గోడౌన్ అంటే ఎస్‌ఎస్‌డీ, సరుకంతా అక్కడుంటుంది. ప్లాట్‌ఫారం అంటే ర్యామ్, ఇప్పుడు ఎక్కించాల్సిన సరుకు అక్కడ పరిచి ఉండాలి. ప్లాట్‌ఫారం నిండిపోతే కంప్యూటర్ కొంత సరుకు మళ్ళీ గోడౌన్‌లోకి మోసి, కావాలన్నప్పుడు బయటికి తెస్తుంది. పాతకాలంలో మన్మాడ్‌లో మీటర్ గేజ్ బండి నుంచి బ్రాడ్ గేజ్ బండికి మూటలు మార్చడం గుర్తుందా? బండి రెండు వైపులా సిద్ధంగా ఉన్నా మార్పిడి దగ్గరే గంటలు పోయేవి. సిమ్యులేటర్‌లో దిగబోయే ముందు బొమ్మ ఆగి ఆగి కదిలితే, దానికి ఒక కారణం ఈ మార్పిడే. రన్‌వే ముందర అర సెకను ఆగినా పిల్లవాడి చెయ్యి తప్పుతుంది.

ఇప్పుడు 16 చాలనే పెద్దలకు. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు కనీసం 8 జీబీ, సిఫారసు 16 జీబీ అని తయారుచేసినవాళ్ళే చెప్పారు. మీరు పట్టుకున్నది ఆ పాత లెక్క. 2024 నవంబరులో వచ్చిన కొత్త దానికి కనీసమే 16, సిఫారసు 32, అన్నిటికన్నా పై వరుసలో 64. కనీసం అంటే బండి కదులుతుందని అర్థం, వేళకు చేరుతుందని కాదు. విండోస్‌కు కొంత పోతుంది, పక్కన మ్యాపు తెరిస్తే కొంత పోతుంది, ముంబయి లాంటి పెద్ద ఎయిర్‌పోర్టులో పెద్ద విమానం పెడితే మిగిలిందీ పోతుంది. కొన్న రోజు నుంచే ఇరుకుగా ఉండే వస్తువును పొదుపు అనకండి. నాలుగు వేలు మిగిల్చామని జనరల్ బాడీలో చప్పట్లు కొట్టించుకుని, ఆరు నెలలకు దాని మీద బట్ట కప్పేస్తే అంతకన్నా దుబారా ఏముంది?

ఇక 64 కావాలనే తమ్ముళ్ళకు. మీరు చూపించేదీ అదే పట్టిక. పై వరుసలో 64 ఉంది, నిజమే. కానీ ఆ వరుస మొత్తం చదివారా? అదే వరుసలో 12 జీబీ సొంత మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, ఖరీదైన ప్రాసెసర్, 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ కూడా రాశారు. దుకాణం ఆయన ఇచ్చిన కొటేషన్‌లో ఏముంది? ర్యామ్ 64, గ్రాఫిక్స్ కార్డు 8 జీబీ. అంటే ఒక గడి పై వరుస నుంచి, మిగతా గడులు మధ్య వరుస నుంచి ఏరుకున్నారు. 24 పెట్టెల బండికి షంటింగ్ ఇంజన్ తగిలించినట్టు. పెట్టెలు లెక్కపెట్టి బండి గొప్పదనుకుంటే ఎలా?

గ్రాఫిక్స్ కార్డు మెమరీ వేరు, ర్యామ్ వేరు. ఈ ఒక్క ముక్క గ్రూపులో సగం మందికి తెలియక గొడవ పెరిగింది. తెర మీద గోదావరి, పొలాలు, మేడలు గీసేది కార్డు. దాని సొంత మెమరీ నిండితే మీరు ర్యామ్ 128 పెట్టినా బొమ్మ నత్తనడకే. ఒకే కార్డును రెండు రకాల మెమరీతో అమ్మేవి ఉన్నాయి. ఉదాహరణకు ఎన్విడియా 5060 టీఐ 8 జీబీతోనూ వస్తుంది, 16 జీబీతోనూ వస్తుంది. ర్యామ్‌లో మిగిల్చిన డబ్బు అక్కడ పెడితే ప్రతి రోజూ కంటికి కనిపిస్తుంది. 64లో ఖాళీగా పడుండే సగం ఎవరికీ కనిపించదు. కనిపించేది దాని మీద వెలిగే రంగుల దీపాలు మాత్రమే.

మెమరీ ఎంత పోసినా ప్రోగ్రాము వాడుకోగలిగినంతే వాడుకుంటుందనడానికి పాత పాఠం ఒకటుంది. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ 32 బిట్ ప్రోగ్రాము. కంప్యూటర్‌లో 16 జీబీ ఉన్నా అది 4 జీబీకి మించి ముట్టుకోలేదు. గంటలకొద్దీ నడిపి, దిగే ముందు మెమరీ చాలదని ఆగిపోయేది. జనం మరింత మెమరీ కొని పెట్టుకునేవారు. మళ్ళీ అదే చోట ఆగేది. ఇప్పటి ప్రోగ్రాములకు ఆ గోడ లేదు, కానీ కొనేవాళ్ళ బుద్ధి ఆ గోడ దగ్గరే ఉంది.

దుకాణం ఆయన ఇంకో మాట కూడా అన్నారట: "మెమరీ ధరలు మండుతున్నాయి, ఇప్పుడే 64 తీసేసుకోండి." ధరలు పెరిగిన మాట నిజమే. ఏఐ డేటా సెంటర్లకు చిప్పులు తరలిపోతున్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్ళకు అమ్మే వ్యాపారం మానేస్తామని మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. అయితే? కందిపప్పు ధర పెరిగితే నలుగురున్న ఇంట్లో ఎనిమిది మందికి వండుతామా? ఖరీదైన వస్తువును కొలిచి కొనాలి. నేను చదివిన తమిళ బళ్ళో అయ్యవార్లు ఒక సామెత చెప్పేవారు, కొలత మించితే అమృతమైనా విషమే అని. అది నాలుక మీదే కాదు, బిల్లు మీద కూడా నిజం.

"రేపు 32 చాలకపోతే?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. అప్పుడు పాత జత అమ్మి, 32 చొప్పున రెండు ముక్కల జత వేసుకోవచ్చు. ఇప్పుడు మాత్రం 16 చొప్పున రెండు ముక్కలే తీసుకోవాలి. ఒకే 32 ముక్క అంటగడితే ఒప్పుకోకండి. రెండు ముక్కలుంటే రెండు లైన్ల మీద సరుకు నడుస్తుంది, ఒకటైతే సింగిల్ లైనే. రెండూ ఒకే పెట్టెలో వచ్చిన జత అయ్యుండాలి. వేగం తేడా ఉన్నవి కలిపితే అంతా నెమ్మది ముక్క వేగంతోనే నడుస్తుంది, ఎక్స్‌ప్రెస్‌కు గూడ్స్ వ్యాగన్ తగిలించినట్టు. డీడీఆర్5 బోర్డుల్లో నాలుగు ముక్కలు పెడితే చాలాసార్లు వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది కాబట్టి, ముందు రెండు తర్వాత రెండు అనే లెక్క కూడా వద్దు. బిగించాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ గాని ఎక్స్‌పో గాని ఆన్ చేశారో లేదో అడగండి. అది చేయకపోతే 6000 వేగం అని డబ్బు కట్టిన ముక్క 4800 దగ్గరే నడుస్తూ కూర్చుంటుంది. మనం అడగకపోతే ఎవరూ చెప్పరు.

ఇంకొకటి, ఈ సిమ్యులేటర్ భూమి బొమ్మను ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటుంది. సిఫారసు 50 ఎంబీపీఎస్. మన హాలులో ఉన్న కనెక్షన్ సాయంత్రం పూట ఫోన్ వీడియోకే ఆగిపోతోంది. దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీల ఎండ, మధ్యలో కరెంటు పోవడం. యూపీఎస్ గురించి, దుమ్ము తుడిచే బాధ్యత గురించి ఒక్క మెసేజీ లేదు. జాయ్‌స్టిక్, కాళ్ళ దగ్గర పెడల్స్ కొటేషన్‌లోనే లేవు! కీబోర్డుతో విమానం నడిపితే అది పైలట్ సాధన కాదు, టైపింగ్ పరీక్ష.

ఇంత గొడవ ఒక ఆట వస్తువు కోసమా అనేవాళ్ళకు చివరిగా. పైలట్ శిక్షణ ఖర్చు పదుల లక్షలు. కమర్షియల్ లైసెన్సుకు డీజీసీఏ అడిగే 200 గంటల్లో ఇంట్లో కంప్యూటర్ మీద నడిపిన గంట ఒక్కటి కూడా లెక్కకు రాదు. అది పిల్లలకు ముందే చెప్పాలి, ఆశ పెట్టకూడదు. కానీ మీటర్లు చదవడం, చెక్‌లిస్టు వరుస తప్పకుండా పాటించడం, ఇంగ్లీషు రేడియో మాటలు వినీ పలికీ అలవాటు పడడం, ఇవి ఇక్కడ నేర్చుకోవచ్చు. అంతకన్నా పెద్దది, ఈ పని నాకు సరిపోతుందా లేదా అని తేల్చుకోవచ్చు. ఒక మగ్గం ఇంటి పిల్ల ఆరు నెలలు కూర్చుని నాకిది వద్దు అని తేల్చుకున్నా, ఆ ఇంటి భూమి అమ్ముడుపోకుండా మిగిలినట్టే. వద్దనుకోకపోతే ఆ పిల్ల మొదటి రోజే తోటివాళ్ళకన్నా ఒక అడుగు ముందుంటుంది. మన డబ్బుకు దక్కాల్సింది ఇది. రంగుల దీపాల ముందు కమిటీ ఫోటో కాదు.

అందుకని వచ్చే ఆదివారం సమావేశంలో నేను అడగబోయేవి ఇవి. ఒకటి: 32 జీబీ, 16 చొప్పున జత. రెండు: మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు, జాయ్‌స్టిక్‌కు, పెడల్స్‌కు, యూపీఎస్‌కు. మూడు: ఒక్క దుకాణం కాదు, మూడు కొటేషన్లు, ప్రతి ముక్క ధర విడివిడిగా రాసి. నాలుగు: డబ్బు కట్టే ముందు దుకాణంలోనే అరగంట నడిపి చూపించాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత వాడుతోందో మన కళ్ళతో చూద్దాం. 32 నిండిపోతోందని ఆ తెర చెప్తే 64కు మొదట చెయ్యెత్తేది నేనే. ఐదు: ఆడపిల్లలకు వారంలో సగం వేళలు రాసిపెట్టాలి. లేకపోతే కుర్రాళ్ళు కుర్చీ వదలరు, నాకు తెలుసు.

బేరం బాగా కుదిరింది, ఇంకేమీ అడగొద్దు అని కోశాధికారి గారు అంటే మాత్రం నేను అడుగుతాను. ఇది ఎవరి సొంత జేబు కాదు. ఉగాదికి వంద, బతుకమ్మకు యాభై ఇచ్చిన అక్కల, వదినల డబ్బు. వాళ్ళకు ర్యామ్ అంటే తెలియకపోవచ్చు. లెక్క అంటే బాగా తెలుసు.

అభ్యంతరాలు ఉంటే కింద రాయండి. బొమ్మలు కాదు, మాటల్లో.