కెమెరాని షోకేసులోంచి దించండి

ఈ మధ్య మనవైపు కాఫీ షాపుల్లో ఒక ఫ్యాషన్ చూస్తున్నాను. గోడకి ఒక అర, దాని మీద పాత టైప్‌రైటర్, పక్కన గ్రామఫోన్, ఆ పక్కన ఒక పాత సినిమా కెమెరా. మనం వెళ్తాం, దాని ముందు నిలబడి ఫోన్‌తో ఫొటో దిగుతాం, వచ్చేస్తాం. అది నడుస్తుందా అని ఎవరం అడగం. నేనూ అడిగేవాడిని కాదు. ఇప్పుడు మాత్రం నా అభిప్రాయం ఒకటే. పాత సినిమా కెమెరాని అలంకారంగా పెట్టడమంటే దాన్ని మెల్లగా చంపడమే. ఈ మాట అనే హక్కు నాకు ఒక తప్పు చేయడం వల్ల వచ్చింది. ముందు అది ఒప్పుకుంటాను.

గోపన్‌పల్లిలో మేం అద్దెకుండే ఇంటి ఓనర్ అంకుల్ ఒకప్పుడు సినిమా యూనిట్లలో కెమెరా అసిస్టెంట్. ఆయన హాల్లో అద్దాల బీరువాలో ఒక బోలెక్స్ హెచ్-16 ఉంది. స్విట్జర్లాండ్‌లో 1935లో మొదలైన మోడల్. 16 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, పాత గోడగడియారంలా కీ ఇస్తే స్ప్రింగ్ మీద నడుస్తుంది. ఒక ఆదివారం దుమ్ము తుడుస్తానని దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, లోపల ఎలా ఉంటుందో చూద్దామని మూత తీశాను. లోపల రీలు ఉంది. సగం ఈ చక్రం మీద, సగం ఆ చక్రం మీద.

"మూత ఎందుకు తీసినవ్ బిడ్డా? అండ్ల రీల్ ఉన్నది" అన్నారు అంకుల్. అరవలేదు. వచ్చి మూత మూసేశారంతే.

అది ఈ ఇంటి గృహప్రవేశం రోజు తీసిన రీలు. సగం మిగిలిపోయింది, మిగిలింది కూడా తీశాక కడిగిద్దాం అనుకున్నారట. తర్వాత ఆంటీ పోయారు. ఇక ఆయనకు చెయ్యి రాలేదు. వెలుగు తగిలితే మొత్తం పోతుందా అని అడిగాను. "లోపలి చుట్లు బతకొచ్చు. పైచుట్లు పోతయ్. చివరికి తీసింది పైన ఉంటది గద." చివర ఏం తీశారని అడగకుండా ఉండాల్సింది. అడిగాను. "మీ ఆంటీని" అన్నారు.

కంప్యూటర్ మీద ఏ తప్పు చేసినా కంట్రోల్ జెడ్ ఉంటుందని అలవాటైన చేతులు మనవి. ఆ రోజు నా చేతులకి ఏం చేయాలో తెలియలేదు.

తర్వాతి ఆదివారం అంకుల్ పనికిరాని ఒక రీలు నా చేతిలో పెట్టి, "ఇది పాడైనా పర్వాలేదు, నేర్చుకో" అన్నారు. నేర్చుకున్నదేంటో చెప్తాను.

ఫిల్మ్ కెమెరా మొత్తం ఒక్క చిక్కు మీద నిలబడి ఉంటుంది. పళ్లచక్రాలు ఫిల్మ్‌ని ఆగకుండా లాగుతూ ఉంటాయి. కానీ లెన్సు వెనకాల గేటులో మాత్రం ఫిల్మ్ సెకనుకి 24 సార్లు పూర్తిగా ఆగాలి, లేకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. ఒకవైపు ఆగని నడక, మధ్యలో ఆగి ఆగి నడక. రెండింటికీ పొత్తు ఎలా? గేటుకి పైన ఒకటి, కింద ఒకటి, ఫిల్మ్‌ని కాస్త వదులుగా వంపు తిప్పి వదులుతారు. దాన్నే లూప్ అంటారు. మన భాషలో చెప్పాలంటే బఫర్. మన గోపన్‌పల్లి తండా జంక్షన్‌లో 2024లో ఫ్లైఓవర్ తెరవక ముందు ఎలా ఉండేదో గుర్తుందా? వెనకనుంచి బండ్లు ఆగకుండా వస్తాయి, ముందు ఆగి ఆగి కదులుతాయి. మధ్యలో చోటు లేకపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కెమెరాలో లూప్ చిన్నదైనా అంతే. ఫిల్మ్ బిగుసుకుంటుంది, బొమ్మ ఎగురుతుంది, చిల్లులు చిరుగుతాయి.

ఎక్కించే పద్ధతి చెప్పడానికి సులువే. నీడలో కూర్చోవాలి. ఫిల్మ్ కొసని శుభ్రంగా కత్తిరించాలి, కోత చిల్లు మీద పడకూడదు. మెరుపు లేని ఎమల్షన్ వైపు లెన్సుకి ఎదురుగా ఉండాలి. పై పళ్లచక్రానికి అందిస్తే, గేటులోంచి దిగి, కింది చక్రం దాటి బయటికొస్తుంది. దాన్ని ఖాళీ స్పూల్‌కి చుట్టి, మూత వేసేముందు కొంచెం నడిపి రెండు లూపులూ నిలిచాయో లేదో చూడాలి. నాకు మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది. అయినా ఫిల్మ్ ఖాళీ స్పూల్‌ని పట్టుకోలేదు, లోపలే సేమ్యాలా కుప్పపడింది.

అసలు చదువు ఆ కుప్పతోనే మొదలైంది. ఈ కెమెరా ఎర్రర్ మెసేజ్ ఇవ్వదు. లూప్ పోతే చప్పుడు మారుతుంది. "కండ్లతోని కాదు, చెవులతోని చూడాలె" అంటారు అంకుల్. తెర మీద నిలువు గీత పడితే గేటులోనో, వెనక నొక్కిపట్టే ప్లేటు మీదో దుమ్ము. అంచుల్లో తెల్లటి మంట కనిపిస్తే మూత సరిగ్గా పడలేదు. వేగం మీద అనుమానముంటే వాచీ పెట్టుకోవచ్చు. 16 ఎం.ఎం.లో అడుగుకి 40 ఫ్రేములు, కాబట్టి 10 అడుగులు నడవడానికి 17 సెకన్ల లోపే పట్టాలి. 20 పడితే లోపల గ్రీజు గట్టిపడిందని అర్థం. అప్పుడు కుట్టుమిషన్ నూనె పోయకూడదు. ఆ నూనె షట్టర్ మీదికీ ఫిల్మ్ మీదికీ పాకుతుంది. తెలిసిన మెకానిక్‌కే ఇవ్వాలి.

షోకేసు మీద నా కోపం ఇక్కడే. గ్రీజు గట్టిపడేది కెమెరా నడవక. కీ ఇచ్చి అలాగే వదిలేస్తే స్ప్రింగ్ ఏళ్ల తరబడి బిగుసుకునే ఉంటుంది. పైగా దాన్ని నడిపినవాళ్ల చేతుల్లో ఉన్న విద్య పుస్తకాల్లో సగమే ఉంది. "మాయాబజార్" (1957) చూసి మార్కస్ బార్ట్లే పేరు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. కానీ ఆ రోజుల్లో 35 ఎం.ఎం. ఫిల్మ్ 1000 అడుగులు తీస్తే వచ్చేది 11 నిమిషాలే. అది అయిపోయిన ప్రతిసారీ చీకట్లో, వేళ్లతో తడుముకుంటూ ఎవరో ఒక అసిస్టెంట్ మ్యాగజైన్ నింపేవాడు. అతని వేలు జారితే ఎంతటి నటుడి సీనైనా మళ్లీ తీయాల్సిందే. ఆ చేతులకి చప్పట్లు లేవు.

"ఇదంతా డబ్బున్నవాళ్ల నోస్టాల్జియా రా" అన్నాడు మా రూమ్మేట్. కొంత నిజమే. ఫుజీ 2013లో సినిమా ఫిల్మ్ తయారీ ఆపేసింది. కొడాక్ ఫిల్మ్ దొరుకుతుంది గానీ చవక కాదు. 100 అడుగుల రీలు రెండు ముప్పావు నిమిషాల్లో అయిపోతుంది. ఫోన్‌లో 4కే వీడియో ఊరికే వస్తుంటే ఇదెందుకు? సినిమా తీయడానికైతే అక్కర్లేదనే నేనూ అంటాను. కానీ నేర్చుకోవడానికి కొత్త ఫిల్మ్ కూడా అక్కర్లేదు. పాడైన ఒక్క రీలుని వందసార్లు ఎక్కించొచ్చు. మన ల్యాబుల్లో తప్పు చేస్తే ఎర్ర అక్షరాల్లో లైన్ నంబర్‌తో సహా వస్తుంది. తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పని యంత్రం ముందు ఒక గంట కూర్చున్న అనుభవం మనలో ఎంతమందికి ఉంది?

ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు 2019 డిసెంబర్‌లో మన హైదరాబాద్‌లోనే ఫిల్మ్ సంరక్షణ మీద వర్క్‌షాప్ పెట్టారు. రీళ్లని కాపాడాలన్న ఆలోచన వచ్చింది, మంచిదే. ఆ రీళ్లని తీసిన యంత్రాలకీ చేతులకీ అలాంటి చోటు కావాలి. మన మెకానికల్ డిపార్ట్‌మెంట్‌లో ఒక బల్ల, ఒక పాత కెమెరా, ఒక డమ్మీ రీలు, నెలకి ఒక శనివారం ఒక రిటైర్డ్ అసిస్టెంట్. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. అంకుల్‌ని అడిగాను. "పిలగాండ్లు వస్తరా?" అన్నారు. వస్తారని మాటిచ్చేశాను, నా పరువు కాపాడండి.

ఇక ఆ గృహప్రవేశం రీలు. అంకుల్ దాన్ని చీకట్లో బయటికి తీసి, డబ్బాలో పెట్టి, చుట్టూ నల్ల టేపు వేసి ఫ్రిజ్‌లో ఉంచారు. డబ్బా మీద తేదీ వేసి, కింద "వెలుగు తగిలింది" అని రాశారు. ఎవరివల్లో రాయలేదు. కడిగించే ఖర్చు నాది అని చెప్పాను. ఇంకా సరే అనలేదు.

మీ ఇళ్లల్లో, తాతల పెట్టెల్లో ఇలాంటి కెమెరా ఉంటే బయటికి తీయండి. కీ ఇవ్వండి, చప్పుడు వినండి. మూత మాత్రం వెంటనే తియ్యకండి. ముందు అడుగుల కౌంటర్ చూడండి, ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. అప్పటికీ అనుమానముంటే, లోపల రీలు ఉందనే అనుకోండి.